సముద్రం దాకా పోనివ్వని ఏరు

నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్ల కోసం పాతవాళ్ళు తమ అనుభవాలు రాసిపెట్టాలని ఈమధ్య నన్ను కూడా అడిగారు. నాతోటివాళ్ళు రాసినవి చదివాను. ఒకరు చెరువుకు పడిన గండి పూడ్చారు. ఒకరు వరదలో గేట్లెత్తి ఊళ్ళను కాపాడారు. ఒకరు కాంట్రాక్టరును ఎదిరించి బదిలీ అయ్యారు. అన్నీ నిజమే అయ్యుంటాయి. అలాంటివి నా దగ్గర కూడా రెండు మూడు ఉన్నాయి గానీ వాటివల్ల మీకు ఉపయోగం లేదు. నేను గేటు ఎత్తకుండా ఊరుకున్న మూడు రోజుల సంగతి చెబుతాను. ఆ మూడు రోజులకు నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. పైగా దండ వేశారు.

నా గురించి కొంచెం చెప్పకపోతే నేను అలా ఎందుకు చేశానో మీకు అర్థం కాదు. మాది మైదుకూరు పక్క పల్లె. మా తాత కాలంలో మా ఇంటికి ఏడు బావులు, వాటికింద చీనీ, అంటే బత్తాయి, తోటలు ఉండేవి. మా నాన్న కాలంలో ఆ బావులు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. బావి ఎండిన ప్రతిసారీ దాని కింది చేను అమ్ముడుపోయింది. చివరి చేను కొన్నది ఒకప్పుడు మా ఎడ్లు కాసిన మనిషి కొడుకు. రిజిస్ట్రారు ఆఫీసులో మా నాన్న, కుర్చీ వేస్తే గానీ సంతకం పెట్టనన్నాడు. కుర్చీ దొరికేదాకా అరగంట సేపు నడుము నిటారుగా పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనే నేనున్నాను. చేను పోయింది గానీ ఆ నిలబడడం మాత్రం నాకు ఆస్తిగా వచ్చింది.

మా ఇంట్లో మజ్జిగ ఒలికినా, గింజలు నేలపాలైనా, "సముద్రంపాలు చేస్తిరి కదరా" అనేది మా అవ్వ. ఆమె ఏనాడూ సముద్రాన్ని చూడలేదు. ఆమెకే కాదు, మా సీమలో చాలామందికి సముద్రమంటే నీళ్ళు పోయి వృథా అయ్యే చోటు. నేను ఇంజనీరింగు చదివింది ఆ వృథాను ఆపడానికేనని నమ్మేవాణ్ణి. నలభై ఏళ్ళు దాటేదాకా నేను సముద్రాన్ని చూసింది రెండుసార్లు, అదీ మద్రాసులో. ఇన్ని నీళ్ళూ ఉప్పుపాలయ్యాయే అని రెండుసార్లూ బాధపడి వచ్చాను.

నేను డిప్యూటీ ఇంజనీరుగా పనిచేసిన ఆ డ్యాము పేరు చెప్పను. మా కొండల్లో పుట్టి, జిల్లా దాటి, సముద్రంలో కలిసే ఒక చిన్న ఏటి మీద ఉంది. కార్తీకమాసం వానలకు తప్ప ఆ ఏట్లో నీళ్ళు కనబడవు. డ్యాము కట్టాక ఆ కొద్ది నీళ్ళూ కిందికి పోవడం మానేశాయి.

గేట్లు చూసే లస్కరు ఒక ముస్లిం పెద్దమనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. డ్యాముకు పునాది తవ్విన రోజు నుంచి అక్కడే ఉన్నాడు. నా కింద పనిచేసే అసిస్టెంటు ఇంజనీరు నందికొట్కూరు అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. రోజూ పొద్దున్నే మెట్లు దిగిపోయి నీటిమట్టం తానే చూసి రాసుకునేది. లస్కరు పైనుంచి చూసి చెప్పిన అంకె ఆమెకు పనికొచ్చేది కాదు. దానిమీద వాళ్ళిద్దరికీ రోజూ చిన్న తగాదా.

"నా కండ్లు ఇంగా పోలేదు తల్లీ" అనేవాడాయన.

"కండ్లు పోలేదు సాబ్, మెట్లు దిగే మోకాళ్ళు పోయినాయి" అనేది ఆమె. ఆయనే ముందు నవ్వేవాడు.

మూడేళ్ళు వరసగా కరువు. నాలుగో ఏడు కార్తీకం చివర్లో వానలు పట్టాయి. డ్యాము నిండడానికి ఇంకా నాలుగడుగులు తక్కువ. రోజూ కొంచెం కొంచెంగా పెరుగుతున్న ఆ నీళ్ళను చూస్తూ నేను సంతోషంగా ఉన్నాను. అలాంటి ఒక పొద్దున లస్కరు మా ఆఫీసు గది ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఇద్దరు వచ్చినారు. సముద్రం కాడనుంచంట. రెండు బస్సులు మారి వచ్చినారు. తెల్లారకముందు నుంచి ఈడే కూర్చోనుండారు."

వచ్చినవాళ్ళలో ఒకాయన అరవై దాటిన చేపల వేటగాడు. రెండో మనిషి నలభై అయిదేళ్ళ ఆడమనిషి, ఆయన ఊరిదే. ఆమె ఏళ్ళ తరబడి మైదుకూరు సంతకు రొయ్యపొట్టు, ఎండుచేపలు తెచ్చి అమ్మినది. అందుకే దారి తెలిసి ఆయన్ను తోడుకుని వచ్చింది. మా ఇంట్లో వంకాయలో పడే రొయ్యపొట్టు ఆమె గంపలోదేనని నాకు అప్పటికి తెలియదు.

పెద్దాయన తన ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. ఇసుక తప్ప నాకేమీ కనబడలేదు. అది ఇసుక కాదు, తలుపు అన్నాడాయన. తర్వాత నిదానంగా చెప్పుకొచ్చాడు. ఏరు సముద్రంలో కలిసేచోటును వాళ్ళు మొగ అంటారు. మొగ వెనక పెద్ద ఉప్పునీటి మడుగు, దాని చుట్టూ మడచెట్లు. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు మొగలోంచి లోపలికి వచ్చి, ఆ చెట్ల వేళ్ళ మధ్య పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. పైనుంచి ఏటినీళ్ళు తోస్తుంటేనే మొగ తెరుచుకుని ఉంటుంది. తోసేవి లేకపోతే అలలు ఇసుక తెచ్చి మూసేస్తాయి. మూసుకుని మూడేళ్ళయింది. సముద్రంలోకి పోయే పడవలు ఊళ్ళో కొందరికే ఉన్నాయి. మిగిలినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఆ మడుగులో చేత్తో పట్టిన రొయ్యలు, పీతల మీదే బతుకుతారు. ఇప్పుడు పడవలవాళ్ళకూ వలలు తేలికగా వస్తున్నాయట. లోపల పెరిగితేనే కదా బయట దొరికేది అన్నాడు.

వాళ్ళు అడిగింది చాలా తక్కువ. ఆ మాట ఇప్పుడు అంటున్నాను.

"ఇంకో ఐదు దినాలకు అమావాస్య సార్. అమావాస్యకు సముద్రం గట్టిగా వెనక్కి లాగుద్ది" అన్నాడు పెద్దాయన. "మా పక్క గుడా వానలు పడి ఏరు తడిగా ఉండాది. ఇప్పుడు వదిలితే నీళ్ళు ఇసకలో ఇంకిపోకుండా మా దాకా వస్తాయి. మూడు దినాలు, ఒక్క గేటు. ఇసక తెగి మొగ తెరుచుకుంటాది. మళ్ళా ఏడాది దాకా మీ కాడికి రాము."

నేను మా కరువు గురించి చెప్పాను. ఎండిన బావుల గురించి, కాలువ చివర పొలాల గురించి, ఇంకా నాలుగడుగులు నిండాల్సి ఉందని చెప్పాను. ఆయన మధ్యలో అడ్డం రాకుండా అంతా విన్నాడు. విని, కోపం లేకుండా ఒక మాట అన్నాడు.

"ఏరు మీ ఒక్కరిదే గాదు గదా సార్."

లస్కరు తలొంచుకున్నాడు. నా నడుము బిగుసుకుంది. డ్యాము నాది కాదు, మా నాన్నదీ కాదు. కానీ ఏడు బావులు పోయిన ఇంటికి దొరికిన ఎనిమిదో బావిలాగా నేను దాన్ని చూసుకుంటున్నానని ఆ క్షణం దాకా నాకే తెలియదు. మా నీళ్ళు మావి కావని మా గడప ముందు నిలబడి అప్పటిదాకా ఎవరూ అనలేదు. అంత చిన్న మాటకు నా మనసు అక్కడితో మూసుకుపోయింది. ఆ తర్వాత వాళ్ళు ఏం చెప్పినా నేను వినలేదు.

ఆడమనిషి సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఆఫీసులో నేనేమీ పుచ్చుకోనని దాన్ని వెనక్కి తోశాను.

"లంచం గాదు సార్, రొయ్యపొట్టు. చూపిద్దామని తెచ్చినా. ఇది మా మడుగుది గాదు. మాది అయిపోయినాక వేరే ఊర్ది కొని అమ్ముతా ఉండా. తిని చూస్తే ఆ తేడా మీకే తెలుస్తాది."

నేను తినలేదు, చూడలేదు. కానీ మధ్యాహ్నమైంది. మా గడప తొక్కినవాళ్ళు తినకుండా వెళ్ళరాదన్నది మా తాత పెట్టిన పద్ధతి. ఆస్తి పోయినా మేము దాన్ని వదులుకోలేదు. పక్కనే ఉన్న మా క్వార్టర్సుకు కబురు పంపి, ఇద్దరికీ భోజనం తెప్పించి, ఆఫీసు వరండాలో విస్తళ్ళు వేయించాను. సంగటి, పప్పు, నెయ్యి. మా ఆవిడ స్వయంగా వచ్చి వడ్డించింది. తినే మనిషికి కాదని చెప్పడం మా ఇంటి మర్యాద కాదు. అందుకని నీళ్ళు ఇవ్వనని వాళ్ళతో చెప్పలేదు. "చూస్తాను" అన్నాను.

వాళ్ళు వరండాలో తింటున్నప్పుడే లోపల నా బల్ల ముందు అసిస్టెంటు ఇంజనీరు కూర్చుంది. డ్యాములో ఎంత నీరుంది, ఎవరెవరికి ఎంత కావాలి అని పైఅధికారికి పంపే నివేదిక ఆరోజే పోవాలి.

"సార్, దిగువ అవసరాలు అనేకాడ ఏం రాయాల?" అని అడిగింది.

"ఎన్ని ఎకరాలు?"

"ఎకరాలు లేవు సార్. మనుషులు ఉండారు."

"అది ఎకరాలు రాసే గడి."

"అయితే లేవు అని రాయమంటారా?" అని ఆమె వరండా వైపు చూసింది. ఆమె చేత రాయించడం నాకే బాగాలేక కలం తీసుకుని నేనే రాశాను. దిగువ ఆయకట్టు లేదు, అవసరాలు లేవు, నీరు వదిలితే సముద్రంపాలవుతుంది అని. కింద నిండుగా సంతకం పెట్టాను. పైఅధికారి నా మీద నమ్మకంతో చదవకుండానే ఆమోదించాడు. నేను మూడు రోజులు వదలమని రాసి ఉంటే దానికీ అలాగే సంతకం పెట్టి ఉండేవాడు.

తర్వాతి మూడు రోజులూ వాన పడుతూనే ఉంది. రోజూ సాయంత్రం లస్కరు వచ్చి, గేటు సంగతి ఏం చేద్దామని అడగకుండానే అడిగినట్టు నిలబడేవాడు. రెండో రోజు మాత్రం నోరు విప్పాడు. "పైన కొండల్లో మబ్బు ఇంగా శానా ఉండాది సార్. ఒక గేటు ఎత్తినా మనది నిండుతాది." నిండాక చూద్దామన్నాను. అమావాస్య వెళ్ళిపోయింది. మర్నాడు ఆకాశం కడిగినట్టు తెల్లబడింది. లస్కరు చెప్పిన మబ్బంతా కురిసింది. డ్యాము అంచు దాకా నిండింది. ఒక్క చుక్క పొర్లలేదు.

చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు వచ్చి నీళ్ళకు పసుపు కుంకుమ చల్లి నా మెడలో దండ వేశారు. మా నాన్న బతికుంటే చూసేవాడే అనుకున్నాను.

ఇక మీరు శ్రద్ధగా చదవాల్సింది ఇక్కడ. మా కుడి కాలువ మీద ఒక కట్టడం కూలి, దాని అవతలికి నీళ్ళు పారక అప్పటికి రెండేళ్ళు. మరమ్మతుకు అనుమతి రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. డ్యాము నిండితే పైవాళ్ళ మీద ఒత్తిడి పెరిగి అనుమతి దానంతటదే వస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. అది రాలేదు. దగ్గర పొలాలవాళ్ళు మోటార్లు పెట్టి కొంత తోడుకున్నారు. కాలువ చివర పొలాలకు, ఎవరి పేరు చెప్పి నేను నీళ్ళు ఆపానో ఆ పొలాలకు, ఒక్క తడి కూడా అందలేదు. మిగిలిన నీళ్ళు కొండల మధ్య అద్దంలా నిలబడి, మా సీమ ఎండకు రోజుకు కాస్త తగ్గుతూ పోయాయి.

వైశాఖం ముగిసేటప్పటికి అసిస్టెంటు ఇంజనీరు నీటిమట్టం పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. "ఒకటి చూపిస్తా, కోప్పడొద్దు సార్" అంది. వాళ్ళు అడిగిన మూడు రోజుల నీళ్ళు ఎన్నో లెక్కవేసి ఒక పక్క రాసింది. ఎండకు ఆవిరైపోయిన నీళ్ళు ఇంకో పక్క రాసింది. రెండోది మొదటిదానికి ఎన్నో రెట్లు. ఆమె ఇంకేమీ అనలేదు. అని ఉంటే నేను వాదించేవాణ్ణి. పుస్తకం మూసి, పని చూసుకోమన్నాను. సముద్రంపాలు కానివ్వని నీళ్ళను ఆకాశంపాలు చేశాను.

ఆ వేసవిలోనే సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, రెండు బస్సులు మారి వాళ్ళ ఊరికి పోయాను. పెద్దాయన నన్ను చూడగానే గుర్తుపట్టి నులకమంచం వాల్చాడు. ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చల్లబడ్డాక ఆయన నన్ను మొగ దగ్గరికి తీసుకుపోయాడు. మడుగు సగం ఎండి అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకుంది. మడచెట్లకు ఆకు లేదు. వాటి వేళ్ళు బురదలోంచి బయటపడి కర్రపుల్లల్లాగా నిలబడి ఉన్నాయి. ఇసుక దిబ్బ మీద ఒక పొడవాటి గుంత కనబడింది, సగం పూడిపోయి. అదేమిటని అడిగాను.

"మేం తవ్విందే సార్. మీ కాడినుంచి రాంగానే ఊరంతా కలిసి తవ్వినాం. ఏరు వచ్చేసరికి దారి ఉండాల గదా. అమావాస్య దాటినాక గుడా రెండు దినాలు ఈడనే కూర్చోనున్నాం."

"నేను ఇస్తానని చెప్పలేదు కదా పెద్దాయనా" అన్నాను. ఆ మాట నా నోటినుంచి రావడం నాకే అసహ్యమనిపించింది.

"చెప్పలేదు. అన్నం పెట్టినారు" అన్నాడాయన. "అన్నం పెట్టి పంపినాయన నీళ్ళియ్యకుండా ఉంటాడా అని మేమే అనుకున్నాం."

అప్పుడు ఆయనతో మా ఆఫీసుకు వచ్చిన ఆడమనిషి ఎక్కడ అని అడిగాను. ఊరు విడిచి పోయిందట. మా రాజంపేట పక్క అరటితోటల్లో కూలికి ఉందట. మా సీమ మనుషులు కరువుకు తట్టుకోలేక ఊళ్ళు వదిలి కూలికి పోవడం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. మా వల్ల ఒకరు సముద్రపు ఒడ్డు వదిలి మా పక్కకు కూలికి రావడం అప్పుడే విన్నాను. తర్వాత రాజంపేట వెళ్ళినప్పుడల్లా తోటల దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచి చూసేవాణ్ణి. ఆమె నాకు కనబడలేదు. కనబడితే ఏం చెప్పాలో కూడా తెలియదు.

తిరిగి వచ్చాక, వచ్చే ఏడు నీళ్ళు వస్తే మొగకు మూడు రోజులు వదలాలని పైఅధికారికి రాశాను. ఏ ఆయకట్టుకు అని ఒక్క ప్రశ్నతో వెనక్కి వచ్చింది. మరుసటి ఏడు నీళ్ళు రాలేదు, నాకు బదిలీ వచ్చింది. ఖాళీగా ఉన్న ఒక రోజు నిబంధనల పుస్తకం తీసి చదివాను. ఆ గడిలో ఎకరాలే రాయాలని ఎక్కడా లేదు. అవసరాలు అని మాత్రమే ఉంది. ఎకరాలు మనం అలవాటుగా రాస్తున్నాం. భూమి ఉన్నవాడే మనిషి అనే లెక్క మా ఇంట్లోంచి నేను వెంట తెచ్చుకున్నది. శాఖలో నాకంటే ముందు కూడా అలాంటి ఇళ్ళనుంచే చాలామంది వచ్చారు.

నిరుడు కార్తీకంలో డ్యాము మళ్ళీ నిండుతోందని తెలిసింది. నేను పదవీ విరమణ చేసి అప్పటికి చాలాకాలమైంది. లస్కరు చనిపోయాడు. ఆ అమ్మాయి వేరే జిల్లాలో పెద్ద హోదాలో ఉంది. అర్జీ ఒకటి స్వయంగా రాసుకుని నా పాత ఆఫీసుకు పోయాను. జీవితంలో మొదటిసారి అర్జీ పట్టుకుని ఒకరి బల్ల ముందు నిలబడ్డాను. నా కుర్చీలో ఉన్న యువకుడు చాలా మర్యాదస్తుడు. లేచి నమస్కారం పెట్టి, కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. అర్జీ చదివి, బీరువాలోంచి పాత ఫైలు తీయించి నా ముందు పెట్టాడు. నా దస్తూరీ. దాని తర్వాత ఏ ఏటికి ఆ ఏడు అదే వాక్యం, వేరే వేరే చేతులతో.

"మీరు రాసిందే సార్. ఇంత పెద్దమనిషి చూసి రాసినాడు గదా అని ఎవురూ మార్చలేదు" అన్నాడు. నిజంగా గౌరవంతోనే అన్నాడు.

అది తప్పు, నేనే రాశాను గనక నేనే చెబుతున్నానని అన్నాను. ఆయన ఫైలు మూసి, దిగువ జిల్లా నుంచి రాతపూర్వకంగా కోరితే పైకి పంపగలనన్నాడు. అమావాస్యకు నాలుగు రోజులే ఉంది. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చెప్పేవాణ్ణి. టీ తాగి వచ్చేశాను.

మర్నాడు బస్సెక్కి మొగకు పోయాను. ఇసుక దిబ్బ మీద పదిపదిహేను మంది పారలతో కాలువ తవ్వుతున్నారు. ఏటా తవ్వుతూనే ఉన్నారట. వెనకనుంచి ఏరు రాకపోతే తర్వాతి పోటుకే సముద్రం దాన్ని పూడ్చేస్తుందని వాళ్ళకు తెలుసు. అయినా తవ్వుతారు. నేనూ ఒక పార అడిగి తీసుకున్నాను. పదినిమిషాలకు నడుము పట్టేసింది. ఒకామె నవ్వుతూ నా చేతిలోంచి పార లాక్కుంది.

పెద్దాయన ఇప్పుడు నడవలేడు. తిరగేసిన పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం తవ్వేవాళ్ళను చూశాం. తర్వాత ఆయన అడిగాడు.

"ఈ ఏడు మీ పక్క వానలు ఎట్టుండాయి సార్?"

"సరిగా పడలేదు పెద్దాయనా" అన్నాను.

ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. "దానికి ఎవురేం చేస్తారు సార్. బాధపడబాకండి" అన్నాడు.

ఆ పొద్దుకు మా డ్యాములో నీళ్ళు గేట్ల అంచును తాకుతున్నాయి.